ఇటుక మీద ఇటుక: మపూటోలో పోర్చుగల్ గీసిన గీత

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ సభలో ఇల్లు కట్టినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. సిమెంటు ధర, దొరకని ఇసుక, రేపు వస్తానని నెల తర్వాత కనబడే మేస్త్రీ, ఈ బాధలన్నీ మీకు తెలుసు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే ఊళ్లో బాధ వేరు. అక్కడ చాలాకాలం పాటు ఒక మనిషి తన డబ్బుతో, తన చేతులతో, తానుంటున్న జాగాలో ఇటుక మీద ఇటుక పెడితే నేరం. పగలంతా తాపీ పట్టి ఊరు కట్టినవాడు, పొద్దు గూకాక వెళ్లి రెల్లు దడి వెనక పడుకోవాలి.

ఇప్పుడు మేస్త్రీ అన్నాను కదా, ఆ మాట మనది కాదు. పోర్చుగీసువాళ్ల 'మెస్త్రె' నుంచి వచ్చింది. మీ ఇంట్లో అల్మారా ఉందా? అదీ వాళ్లదే. అందులో మడత పెట్టిన తువాలు, చొక్కాకున్న బొత్తాం, పెరట్లో నీళ్ల పీపా, అనాస పండు, వేలం పాట, అన్నీ ఆ ఓడలు దిగి వచ్చిన మాటలే. మన తెలుగు నేలను వాళ్లు ఏలలేదు. అయినా ఇన్ని మాటలు మిగిల్చి వెళ్లారు. మరి 1975 జూన్ 25 దాకా కదలకుండా కూర్చున్న చోట ఏమి మిగిల్చి ఉంటారు? అక్కడి ఓడరేవులో సరుకు లెక్కలు చూసే ఉద్యోగంలో మూడేళ్లు ఉన్నాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను. సాయంత్రాలు కాలినడకన తిరిగే అలవాటు ఉన్నవాణ్ణి, అంతే. ఆ తిరుగుడులో చూసినవీ, తర్వాత చదివి సరిచూసుకున్నవీ చెబుతాను.

ఊరు పేరు మపూటో. మొజాంబిక్ రాజధాని. ఆఫ్రికా పటంలో కుడివైపు కిందకు వస్తే, హిందూ మహాసముద్రం ఒడ్డున, దక్షిణాఫ్రికా సరిహద్దుకు దగ్గరలో ఉంటుంది. పాత పేరు లొరెన్సో మార్కెస్. 1544 ప్రాంతంలో ఈ అఖాతాన్ని చూసి వెళ్లిన ఒక పోర్చుగీసు వర్తకుడి పేరు అది. ఏనుగు దంతాల కోసం వచ్చాడు, వెళ్లాడు, పేరు మాత్రం నాలుగు వందల ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి చెప్పనా? 1752 వరకు మొజాంబిక్ వ్యవహారాలు నడిచింది గోవా నుంచి. అక్కడి అధికారులు గోవాలోని వైస్రాయి కింద పనిచేశారు. రాజధాని కూడా అప్పట్లో ఇక్కడ లేదు. ఉత్తరాన సముద్రంలో ఉన్న మొజాంబిక్ ద్వీపంలో ఉండేది. దక్షిణాన ఉన్న ఈ దోమల చిత్తడి నేల ఎవరికీ పట్టలేదు.

పట్టిందల్లా దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో బంగారం బయటపడే రోజులు దగ్గరపడ్డాకనే. జోహానెస్‌బర్గ్ వైపు ఉన్న ఆ లోపలి ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి రేవు ఇదే. దాంతో బ్రిటిష్‌వాళ్లు మాదన్నారు, పోర్చుగీసువాళ్లు కాదు మాదన్నారు. పంచాయితీ ఫ్రాన్స్ అధ్యక్షుడు మార్షల్ మక్‌మహోన్ దగ్గరికి వెళ్లింది. 1875 జూలై 24న ఆయన పోర్చుగల్‌కే ఇచ్చేశాడు. ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్న రొంగా ప్రజలను ఒక్క మాట అడిగినవాడు లేడు. తీర్పు చెప్పినందుకు ఆయన పేరు రైల్వే స్టేషన్ ముందున్న కూడలికి పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కూడలి కార్మికుల కూడలి అయింది. మార్షల్ గారు మాత్రం ఊరు వదల్లేదు. ఇప్పటికీ మొజాంబిక్‌లో ఎక్కడ కూర్చున్నా దొరికే బీరు పేరు 'రెండు ఎమ్‌లు'. మక్‌మహోన్ పేరులోని రెండు ఎమ్‌లన్న మాట. చల్లటి సీసా ముందు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంటుందో నాకు అనుమానమే.

ఇంకా తమాషా, ఊరి నడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే పెద్ద రోడ్డుది. దాని పేరు జూలై 24 రోడ్డు. పోర్చుగీసువాళ్లు ఆ మక్‌మహోన్ తీర్పు రోజును తలచుకుంటూ పెట్టిన పేరు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ల వీరుల పేర్లన్నీ రోడ్ల మీద నుంచి దిగిపోయాయి. కార్ల్ మార్క్స్, లెనిన్, మావో, హో చి మిన్, న్యెరెరె వచ్చి కూర్చున్నారు. జూలై 24 మాత్రం దిగలేదు. ఎందుకంటే 1975 జూలై 24న, సరిగ్గా నూరేళ్లకు, కొత్త ప్రభుత్వం బడులు, ఆస్పత్రులు, న్యాయవాద వృత్తి, చివరికి శవసంస్కారాల దుకాణాలు కూడా జాతీయం చేసింది. రేకు పలక మార్చే ఖర్చు లేకుండా అర్థం మార్చేశారు. ఎవరి బుర్రలో పుట్టిందో కానీ, ఈ ఆలోచనకు దండం పెట్టాలి.

సరే, ఊరు ఎలా పెరిగిందో చూద్దాం. 1887లో నగరం హోదా వచ్చింది. 1895లో ప్రిటోరియా రైలుమార్గం పూర్తయింది. 1898లో రాజధాని ద్వీపం నుంచి ఇక్కడికి వచ్చింది. రైలు స్టేషన్ చూస్తే కళ్లు చెదురుతాయి. ఆకుపచ్చ గోపురం, తెల్లటి స్తంభాలు. దాన్ని ఈఫిల్ కట్టాడని గైడ్లందరూ చెబుతారు. అది నిజం కాదు. నమ్మే యాత్రికులు ఉన్నంతకాలం చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు. దగ్గర్లో ఒక ఇనుప ఇల్లు కూడా ఉంది. గోడలతో సహా మొత్తం ఇనుమే. 1892లో గవర్నర్ గారి కోసం తెప్పించారు. ఆ ఎండలో ఇనుప డబ్బాలో ఎవరుంటారు? ఆయనా ఉండలేదు.

ఈ ఊరి పటంలో ఒక అర్ధచంద్రాకారపు రోడ్డు ఉంటుంది. ఇప్పుడు దానికున్నది కాంగో ఒకప్పటి అధ్యక్షుడు మారియెన్ ఎంగువాబీ పేరు. ఒకప్పుడు అది ఊరి పొలిమేర గీత. దానికి లోపల తిన్నటి వీధులు, నీళ్ల గొట్టాలు, దీపాలు, నల్ల తెల్ల రాళ్లతో అలలు అల్లినట్టు పరిచిన కాలిబాటలు. దాన్ని సిమెంటు పట్నం అనేవారు. బయట ఉన్నది రెల్లు పట్నం. పల్లపు నేల, వాన పడితే వారాలు నిలిచే నీళ్లు, రెల్లు గోడలు, కాస్త సంపాదన ఉంటే చెక్క చట్రం మీద జింకు రేకులు. ఇవి నేను పెట్టిన పేర్లు కావు. అక్కడ ఎవరిని అడిగినా ఇప్పటికీ ఇవే మాటలు చెబుతారు.

రెల్లు పట్నంలో పేదలున్నారు కాబట్టి రెల్లుతో కట్టుకున్నారనే అనుకున్నాను మొదట్లో నేను కూడా. కాదు. నగరపాలక సంస్థ అక్కడ ఇటుక, సిమెంటు కట్టడాలకు అనుమతి ఇచ్చేది కాదు. వాళ్ల లెక్కలో ఆ నేల రేపు సిమెంటు పట్నం పెరగడానికి ఉంచుకున్న ఖాళీ జాగా. అక్కడ ఉంటున్నవాళ్లు ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవాల్సినవాళ్లు. గట్టి గోడ కట్టనిస్తే లేపడం కష్టం. రెల్లయితే ఒక్క పూటలో పీకేయవచ్చు.

మరి మనుషులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. జింకు రేకుల ఇంటి లోపల, బయటికి కనబడకుండా, వారానికి కొన్ని చొప్పున సిమెంటు దిమ్మెలు తెచ్చి గోడ లేపుకున్నవాళ్లు ఉన్నారు. బయట రేకు, లోపల ఇటుక. తనిఖీకి వచ్చినవాడికి రేకే కనబడాలి. సమయం చూసి పైరేకులు ఊడదీస్తే లోపల ఇల్లు తయారు. దొంగసారా కాసేవాళ్లను గురించి విన్నాం, దొంగనోట్లు అచ్చువేసేవాళ్లను గురించి విన్నాం. దొంగచాటుగా గోడ కట్టుకునేవాళ్లను గురించి నేను అక్కడే విన్నాను.

ఈ గీత చట్టంలో కూడా ఉంది. దేశంలో పుట్టిన నల్లవాడు 'ఇండిజెన', అంటే దేశవాళీ. అతనికి పౌరహక్కులు లేవు. జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తిరగాలి. అందులో యజమాని ఎవరో, పన్ను కట్టాడో లేదో రాసి ఉంటుంది. అది లేకుండా దొరికితే అధికారి దగ్గర 'పల్మతోరియ' అనే చెక్క ఉంటుంది, అరచేతుల మీద కొట్టడానికి. పన్ను కట్టలేనివాణ్ణి, పనిలేనివాడని ముద్ర పడినవాణ్ణి 'షిబాలో'కు పట్టుకుపోయేవారు. షిబాలో అంటే వెట్టి. నెలల తరబడి, నామమాత్రపు కూలికి, ఎక్కడికి పంపితే అక్కడికి. రోడ్లు వేసింది వాళ్లు, రేవులో బరువులు మోసింది వాళ్లు. 1944లో పూర్తయిన తెల్లటి కెథడ్రల్ కట్టడంలో కూడా ఆ వెట్టి కూలీల చెమట ఉంది. ఆ చర్చి చాలా అందమైనది. నేను చాలాసార్లు దాని మెట్ల మీద కూర్చున్నాను. ఆ సంగతి చదివాక కూడా కూర్చున్నాను. ఏమీ చేయలేం కదా.

గీత దాటే దారి ఒకటుండేది. 1917లో తెచ్చిన నిబంధన ప్రకారం 'అసిమిలాదో' కావచ్చు. పోర్చుగీసు చదవడం, రాయడం రావాలి. ఉద్యోగం ఉండాలి. ఇంట్లో వాళ్లలాగే తినాలి, వాళ్లలాగే ఉండాలి, తమ ఆచారాలు మానుకోవాలి. అప్పుడు కాగితం ఇస్తారు. పుట్టిన ఊళ్లో తాను మనిషినని దరఖాస్తు పెట్టుకోవడం అన్న మాట. 1950 నాటికి దేశం మొత్తం మీద ఆ కాగితం ఉన్నవాళ్లు ఐదు వేలమంది కూడా లేరు. ఇదంతా 1961లో కాగితం మీద రద్దయింది. అప్పటికి పోర్చుగల్ పాలనలోనే ఉన్న అంగోలాలో తిరుగుబాటు మొదలైంది, ప్రపంచం చూస్తోంది, అందుకని.

పోర్చుగల్ దగ్గర డబ్బు లేదు. ఈ సంగతి మరిస్తే ఈ ఊరు అర్థం కాదు. బీద సామ్రాజ్యం అది. కాబట్టి మనుషులను అద్దెకిచ్చి బతికింది. దక్షిణ మొజాంబిక్ మగవాళ్లు జోహానెస్‌బర్గ్ గనులకు ఒప్పందం మీద వెళ్లేవారు. 1909 ఒప్పందం ప్రకారం మనుషులను పంపినందుకు ప్రతిఫలంగా ట్రాన్స్‌వాల్ గనుల ప్రాంతపు సరుకులో సగం దాకా ఈ రేవు గుండా పోవాలి. తర్వాత ఇంకో ఏర్పాటు వచ్చింది. గని కార్మికుడి జీతంలో కొంత భాగం ఆపి, ఇంటికి తిరిగి వచ్చాక ఇస్తారు. ఆ భాగాన్ని దక్షిణాఫ్రికా పోర్చుగల్‌కు బంగారం రూపంలో, అధికారిక ధర లెక్కన చెల్లించేది. బయటి బజారులో ఆ బంగారం ధర ఎక్కువ. కార్మికుడి చేతికి మాత్రం స్థానిక నోట్లే. భూమి కింద ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకున్నవాడికి కాగితం, వాణ్ణి పంపినవాడికి బంగారం. రేవు లెక్కలు చూసే ఉద్యోగం కాబట్టి నాకు ఈ లెక్క దగ్గర చాలాసేపు చెయ్యి ఆగింది.

మగవాళ్లు గనులకు పోతే ఆడవాళ్లు ఏమయ్యారు? కరువుకో, మొగుడి కొట్లాటకో, వైధవ్యానికో ఊరు విడిచి నగరానికి వచ్చినవాళ్లు వేలమంది. వాళ్లకు దొరికిన పని జీడిపిక్కలది. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి మన ఒడ్డుకూ, వాళ్ల ఒడ్డుకూ తెచ్చింది ఒకే పోర్చుగీసు ఓడలు. షమంకులో అనే రెల్లు పేటలో భారతీయ మూలాలున్న ఒక వ్యాపారి జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాడు. ఆడవాళ్లు దాన్ని 'తరానా' అని పిలిచేవారు. జీడి సొన చేతులకు తగిలితే ఏమవుతుందో పలాస వైపు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒక దశలో ప్రపంచంలోనే ఎక్కువ జీడి పండిన దేశం మొజాంబిక్. 1990లలో ప్రపంచ బ్యాంకు సలహా మీద పచ్చి గింజల ఎగుమతి సుంకం తగ్గించారు. గింజలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి, అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇందులో పోర్చుగల్ తప్పేమీ లేదు. మన పప్పు డబ్బాకు కొంత సంబంధం ఉంది కాబట్టి చెప్పాను.

ఇక మఫలాల. రెల్లు పట్నంలో పేరుమోసిన పేట అది. జింకు రేకుల ఇళ్లు, సందులు, ఇసుక. ఆ సందుల్లో బట్టలు చుట్టిన బంతితో ఆడిన కుర్రాడు 1942లో పుట్టిన యుసేబియో. 1966 ప్రపంచ కప్‌లో ఆయన 9 గోల్స్ కొట్టాడు. ఉత్తర కొరియా మీద పోర్చుగల్ మూడు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు ఒక్కడే నాలుగు కొట్టి ఆటను తిప్పేశాడు. ఆ జట్టు కెప్టెన్ కొలూనా కూడా మొజాంబిక్‌వాడే. అప్పటికి దాదాపు రెండేళ్లుగా వాళ్ల సొంత దేశంలో స్వాతంత్ర్యం కోరుతున్న ఫ్రెలిమో దళం పోర్చుగల్ సైన్యంతో యుద్ధం చేస్తోంది. ఇక్కడ తుపాకులు, అక్కడ చప్పట్లు. యుసేబియో లిస్బన్‌లోనే ఉండిపోయాడు. కొలూనా వెనక్కి వచ్చి కొత్త దేశపు ఫుట్‌బాల్‌ను చూసుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ఒప్పు అని నన్ను అడగకండి.

కవులు కూడా ఆ సందుల వాళ్లే. నొయెమియా ద సోజా, జొజె క్రావెయ్‌రిన్యా. క్రావెయ్‌రిన్యా తండ్రి పోర్చుగీసు, తల్లి రొంగా. వలస పాలకుల పోలీసులు ఆయన్ని 1960లలో నాలుగేళ్లు జైల్లో పెట్టారు. ఏ భాషలో రాసినందుకు జైల్లో పెట్టారో ఆ భాషకున్న అతి పెద్ద సాహిత్య బహుమతి కమోయిష్ పురస్కారం 1991లో ఆయనకే వచ్చింది. అది అందుకున్న మొదటి ఆఫ్రికన్ ఆయన. సమోరా మషేల్, షిసానో కూడా ఒకప్పుడు మఫలాలలో ఉన్నవాళ్లే. ఇద్దరూ దేశాధ్యక్షులయ్యారు. ఒక మురుగు పేటలో ఇంతమంది.

1974లో లిస్బన్‌లో నియంతృత్వం కూలింది, మరుసటి ఏడు మొజాంబిక్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. రెండు లక్షలకు పైగా ఉన్న పోర్చుగీసువాళ్లలో అత్యధికులు ఒకటి రెండేళ్లలో వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ లిఫ్టు గుంతల్లో సిమెంటు పోశారని, ట్రాక్టర్లు సముద్రంలో తోశారని ఊళ్లో కథలు కథలుగా చెబుతారు. డాక్టర్లు, రైలు డ్రైవర్లు, ప్లంబర్లు దాదాపు అందరూ వాళ్లే కాబట్టి ఒక్కసారిగా చేతులు విరిగినట్టయింది. వెనక మిగిలిన జనంలో నూటికి తొంభై మందికి పైగా అక్షరం రానివాళ్లు. అయిదు వందల ఏళ్ల నాగరికత పాఠాల ఫలితం అది.

1976 ఫిబ్రవరి 3న సమోరా మషేల్ ఒకే సభలో రెండు ప్రకటనలు చేశాడు. ఊరి పేరు ఇకపై మపూటో. అద్దె ఇళ్లన్నీ ప్రభుత్వానివి. రెల్లు పట్నం జనం సిమెంటు పట్నంలోకి నడిచారు.

నేనున్న ఇంటి యజమానురాలు అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. అక్కడ పెద్దావిడను 'తియా' అంటారు, మన పిన్నిగారు అన్నట్టు. తియా కుటుంబం షమంకులో నుంచి ఆరో అంతస్తు ఫ్లాటులోకి వచ్చింది. "మొదటి నెల మా నానమ్మ నేల మీదే పడుకుంది, పై నుంచి పడిపోతానేమోనని," అని నవ్వేది. లిఫ్టు ఆగిపోయింది, నీళ్లు పైకెక్కలేదు, బాల్కనీలో బొగ్గుల కుంపటి, వంటింట్లో రోలు. దంచితే కింది అంతస్తు అదిరేది. సిమెంటు ఇళ్లు పాడుచేశారని వెళ్లినవాళ్లు లిస్బన్‌లో కూర్చుని ఎగతాళి చేశారు. పంపు మరమ్మతు ఎలాగో నేర్పకుండా పోయినవాళ్లకు ఆ మాట అనే హక్కు లేదని నా అభిప్రాయం.

అలాగని కొత్త ప్రభుత్వాన్ని వెనకేసుకురాను. 1983లో 'ఉత్పత్తి కార్యక్రమం' అని ఒకటి పెట్టారు. నగరంలో పనిలేనివాళ్లను పట్టి, ఉత్తరాన వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న న్యాసా అడవుల్లోకి వ్యవసాయం చేయమని పంపారు. వీధిలో ఆపి కార్డు చూపించమన్నారు. ఇంట్లో మరిచిపోయినవాడు కూడా లారీ ఎక్కాడు. ఒంటరి ఆడవాళ్లను నీతిలేనివాళ్లన్నారు. జేబులో పుస్తకం అడిగిన పాత అధికారి, కార్డు అడిగిన కొత్త అధికారి, చెయ్యి ఒకలాగే చాపారు. ఈ ఒక్క అలవాటును పోర్చుగీసు వారసత్వం అంటే అక్కడి పాలకులకు కోపం వస్తుంది. రానివ్వండి.

స్వాతంత్ర్యం తర్వాత మొదలైన అంతర్యుద్ధం 1992లో ముగిసే నాటికి ఇంకో మలుపు. ఫ్లాట్లను అందులో ఉంటున్నవాళ్లకే అమ్మారు. యుద్ధం ముగియగానే విదేశీ సంస్థల వాళ్లు, నాలాంటి ఉద్యోగులు దిగారు. డాలర్లలో అద్దె వస్తుంటే తియా ఏం చేస్తుంది? ఫ్లాటు నాకిచ్చి, ఊరి అవతల ఇటుక ఇల్లు కట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ కట్టడం నేరం కాదు. ఒకసారి భోజనానికి పిలిస్తే వెళ్లాను. గోడలకు ఇంకా పూత లేదు, ఒక గదికి కప్పు లేదు, ఇంటి చుట్టూ దిమ్మెలు పేర్చి ఉన్నాయి. "డబ్బు చేతికొచ్చినప్పుడల్లా కొన్ని దిమ్మెలు కొంటాను. డబ్బయితే ఖర్చయిపోతుంది, దిమ్మె ఎక్కడికీ పోదు," అంది. మొత్తం పేటంతా అలా సగం కట్టిన ఇళ్లే. చూసి మొదట జాలిపడ్డాను. తర్వాత సిగ్గుపడ్డాను.

భాష సంగతి. అధికారంలోకి వచ్చిన ఫ్రెలిమో పోర్చుగీసునే అధికార భాషగా ఉంచింది, ఏ ఒక్క తెగ భాష పెట్టినా మిగతావాళ్లకు కోపం వస్తుందని. 1980లో దేశంలో నూటికి ఒక్కరి తల్లిభాష పోర్చుగీసు. 2017 జనగణనలో నూటికి 16కు పైగా. రాజధానిలో ఇంకా ఎక్కువ. అంటే ఆ భాష గట్టిగా వేళ్లూనింది పోర్చుగీసువాళ్లు వెళ్లిపోయాకనే. కానీ అది లిస్బన్ పోర్చుగీసు కాదు. పొలాన్ని 'మషాంబా' అంటారు. విదేశాల నుంచి సహాయంగా వచ్చి బజారుకెక్కిన పాత బట్టల పేరు 'కలమిదాదె', అంటే విపత్తు. విపత్తు చొక్కా కొన్నాను అంటాడు కుర్రాడు, ముఖంలో ఏ భావమూ లేకుండా. వీధి బజారు పేరు రొంగాలో 'దుంబా నెంగె'. నీ కాళ్లను నమ్ముకో అని అర్థం. పోలీసు వస్తే మూట ఎత్తుకుని పరుగెత్తాలి కదా.

మనవాళ్ల ముద్ర తక్కువేమీ కాదు. గుజరాతీలు, గోవావాళ్లు తరతరాలుగా ఉన్నారు. బజారు సెంట్రల్ దగ్గర ఆడవాళ్లు కట్టుకునే కపులానా బట్టల దుకాణాలు చాలావరకు వాళ్లవే. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాను విడిపించినప్పుడు, ఆ కక్ష మొజాంబిక్‌లోని భారత పౌరుల మీద తీర్చుకున్నారు. శిబిరాల్లో పెట్టారు, ఆస్తులు స్తంభింపజేశారు, తర్వాత దేశం దాటించారు. అయినా పొద్దున్నే ఆ ఊళ్లో కూలివాడు తినేది రొట్టె మధ్యలో పెట్టిన 'బజియ'. పేరు బజ్జీదే. లోపల ఉన్నది బొబ్బర్ల పిండి. మా అమ్మ చేసే అలసంద వడల రుచి. పోర్చుగీసువాళ్ల రొట్టె, మన పేరు, అక్కడి నేల మీద పండిన గింజ. మొదటి రోజు తిని రెండోది అడిగాను.

ఇక కోట. రేవు పక్కన ఎర్రగా ఉంటుంది. పాతదని చూపిస్తారు గానీ ఇప్పుడు కనబడే కట్టడంలో చాలావరకు 1940లలో లేపిందే. లోపల రెండు వస్తువులు. ఒకటి గుర్రం మీద మూజిన్యో ద అల్బుకెర్కె విగ్రహం. దక్షిణ మొజాంబిక్ నేలను ఏలిన గాజా రాజ్యపు చివరి రాజు గుంగున్యానను 1895 డిసెంబరులో పట్టుకున్నది ఈయనే. ఈ విగ్రహం నగరపాలక భవనం ముందు నిలబడి ఉండేది. ఆ భవనం మీదనే 'ఇది పోర్చుగల్' అని అక్షరాలుండేవి. 1975లో విగ్రహాన్ని దించి ఈ కోటలో పెట్టారు. రెండోది చెక్కిన చెక్కపెట్టె. అజోర్స్ దీవుల్లో 1906లో చనిపోయిన గుంగున్యాన అవశేషాలను 1985లో తెచ్చి పెట్టిన పెట్టె. అందులో ఎముకలున్నాయా, దీవి మట్టే ఉందా అని అక్కడివాళ్లే వాదించుకుంటారు. ఆయన సైన్యం చేతిలో నలిగిన తెగల వాళ్లు, మా వీరుడెలా అయ్యాడని కూడా అడుగుతారు. పట్టినవాడూ పట్టుబడినవాడూ ఒకే గోడల మధ్య ఉన్నారు. నగరపాలక భవనం ముందున్న కూడలిలో ఇప్పుడు ఉత్తర కొరియా శిల్పులు చేసిన సమోరా మషేల్ కంచు విగ్రహం వేలెత్తి నిలబడి ఉంది.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగిపోతాను.

స్టేషన్ ముందు, ఆ పాత మక్‌మహోన్ కూడలిలో, రాతితో చెక్కిన పెద్ద ఆడమనిషి బొమ్మ ఉంది. దగ్గర ఒక పాము. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఐరోపా, ఆఫ్రికా సైనికుల జ్ఞాపకార్థం పోర్చుగీసువాళ్లు 1930లలో నిలబెట్టారు. ఊళ్లో చెప్పుకునేది అది కాదు. ఒకప్పుడు అక్కడొక చెట్టు ఉండేదట. చెట్టు మీద పాము. కింద నడిచినవాళ్లను కాటేసి చంపేదట. ఒక రోజు ఒకావిడ పొయ్యి మీంచి అప్పుడే దించిన అంబలి కుండ నెత్తిన పెట్టుకుని ఆ చెట్టు కిందుగా నడిచింది. పాము ఎప్పటిలాగే పైనుంచి దూకింది. కుండలో పడింది. ఆవిడకే ఆ బొమ్మ పెట్టారు అంటారు. నేను శిలాఫలకం చూపించి, కాదండీ ఇది యుద్ధానిది, ఇక్కడ రాసుంది చూడండి అని తియాతో వాదించాను. ఆవిడ ఫలకం వంక చూడనైనా చూడలేదు.

"రాసింది వాళ్లు కదా," అంది.

నమస్కారం. ప్రశ్నలుంటే అడగండి, టీ ఇంకా రాలేదు.